పడని వేలిముద్ర

నరసింహస్వామి ఎడమ మోకాలి మీద నీళ్లు చిలకరించి, యాకోబు మళ్లీ ఉప్పుకాగితంతో రుద్దసాగాడు. ఆళ్లగడ్డ రోడ్డు పక్కన ఆ రేకుల షెడ్డులో పొద్దున్నించీ మిషన్లు రాయి కోస్తూనే ఉన్నాయి. బూడిదరంగు పొడి లేచి, అతని కనుబొమల మీదా, చెవుల మడతల్లోనూ పేరుకుంటోంది.

శిల్పులు దేవుడికి కోరలూ జూలూ చెక్కుతారు. ఆ దేవుడి ఒంటికి నునుపు తెచ్చేది మాత్రం యాకోబే. ఆదివారం చర్చికి పోయే మనిషి వారమంతా స్వామి కాళ్లు పడతాడని తోటివాళ్లు ఆటపట్టిస్తారు. "కూలిచ్చేది ఆయనే గదప్పా" అని అతనూ నవ్వుతాడు. ఈమధ్య ఆ నవ్వు సగంలోనే దగ్గులోకి దిగుతోంది.

ఏళ్ల తరబడి రుద్దీ రుద్దీ అతని వేళ్ల కొసలు నున్నబడిపోయాయి. రేషను మిషను ఆ వేళ్లను గుర్తుపట్టదు. బ్యాంకులోనూ అంతే. మొన్న అందరి ముందూ అన్ని వేళ్లూ పెట్టించి, ఒక్కటీ పడక, "నువ్వసలు మనిషివేనా?" అని గుమాస్తా పరాచికమాడాడు. యాకోబు అక్కడ నవ్వేశాడు గానీ ఆ మాట ఇంటిదాకా వెంటవచ్చింది.

నంద్యాల డాక్టరు ఎక్స్‌రే చూసి, రాతిపొడి మానకపోతే ఏడాది తిరగడం కష్టమని మొహమాటం లేకుండా చెప్పాడు. అప్పటినుంచి భార్య లూదియాది ఒకటే పట్టు. బెలుం గుహల దగ్గర ఆమె అన్న ఒక చిన్న అంగడి చూసిపెట్టాడు. నీళ్ల సీసాలూ బిస్కెట్లూ అమ్ముకుంటూ కూర్చోవచ్చు. దాని అడ్వాన్సు బ్యాంకులో ఉంది. ఈ సాయంత్రం పంపితే క్రిస్మస్ మర్నాడే ప్రయాణం. షెడ్డులో యాకోబుకు ఇదే ఆఖరి రోజు.

పొద్దుటి టీ వేళకు ముందు ఫోన్ మోగింది.

"యాకోబుగారేనాండీ? బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం. మీ వేలిముద్రలు పడటం లేదు కదండీ?"

యాకోబు చెయ్యి ఆగింది. పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక ఒక మహిళా కానిస్టేబులు చర్చికి వచ్చి, పండగ రోజుల్లో మోసాలు ఎక్కువని చెప్పింది. గిఫ్టు వచ్చిందన్నా, లాటరీ తగిలిందన్నా నమ్మొద్దంది. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దంది. పొరపాటున చెప్పినా వెంటనే 1930కి ఫోన్ చేస్తే డబ్బు ఆపే వీలుంటుందని కూడా చెప్పింది. అందరికన్నా ముందు తలూపింది యాకోబే. దారిలో కనబడినవాళ్లనల్లా నిలేసి ఆ మాటలన్నీ అప్పజెప్పాడు కూడా. కానీ ఇతను గిఫ్టు అనలేదు, లాటరీ అనలేదు. తన వేళ్ల సంగతి చెబుతున్నాడు. అది బ్యాంకువాళ్లకు కాక దొంగకెలా తెలుస్తుంది? పైగా గారు అంటున్నాడు. యాభై దాటినా యాకోబును గారు అన్నవాళ్లెవరూ లేరు.

"అరిగిపొయ్‌నాయి సార్. రాతిపని."

"అందుకేనండీ, నంబరుతో సరిచేస్తున్నాం. రేపు సెలవు. ఇవాళ కాకపోతే ఖాతా ఆగిపోతుంది. సాయంత్రం తీసుకుందామన్నా డబ్బు రాదు."

సాయంత్రం అన్న మాటకు యాకోబు కంగారుపడిపోయాడు. తడిచేతులు లుంగీకి తుడుచుకుని, కార్డు మీది అంకెలూ, తర్వాత ఫోన్‌కు వచ్చిన అంకెలూ కూడబలుక్కుని చదివాడు. కాసేపటికి మెసేజీ వచ్చింది. ఇంగ్లీషు రాకపోయినా ఖాతాలో ఏమీ మిగల్లేదని అర్థమైంది. తిరిగి ఫోన్ చేస్తే స్విచ్చాఫ్.

1930 గుర్తొచ్చింది. ఒకటి నొక్కాడు, తొమ్మిది నొక్కాడు. అంతలో షెడ్డు యజమాని రంగయ్య వచ్చాడు.

"ఏంది యాకోబూ, ఫోన్ పట్టుకోని కూచున్నావ్?"

"ఏం ల్యాదన్నా."

ఫోన్ జేబులోకి పోయింది. అందరికీ జాగ్రత్తలు చెప్పినవాడే బోల్తాపడ్డాడని తెలిస్తే వీధిలో ఇక తలెత్తుకోవడమా! మోకాలు అయ్యాక బయటికి పోయి చేద్దామనుకున్నాడు. మోకాలయ్యాక బయట జనం టీ తాగుతున్నారు. సరే, పాదం అయ్యాక అనుకున్నాడు. చేతులు రుద్దుతూనే ఉన్నాయి. సిగ్గు అతణ్ని ఆ రాతి పక్కనే కట్టిపడేసింది.

పొద్దుగూకే వేళకు ఇల్లు చేరాడు. లూదియా గిన్నెలన్నీ గోనెసంచిలో సర్ది మూతి కుడుతోంది.

"దుడ్లు పంపినావా? మాయన్న ఫోన్ మీద ఫోన్ చేస్తాండాడు."

"పొయ్‌నాయి మే."

"ఏం పొయ్‌నాయి?"

"దుడ్లే. ఎవురో బ్యాంకని ఫోన్ చేస్తే నంబర్లు చెప్పినా. పొద్దన."

లూదియా చేతిలో దబ్బనం అట్లాగే ఉండిపోయింది. "పొద్దనా? ఇంతసేపు ఆ మాట యాడ దాచుకున్నావప్పా!"

ఆమే ఫోన్ లాక్కుని 1930కి చేసింది. అవతలి మనిషి అన్నీ ఓపిగ్గా రాసుకుని, డబ్బు మధ్యాహ్నానికే ఎక్కడో తీసేశారనీ, పొద్దునే చెప్పి ఉంటే ఆపే వీలుండేదనీ అన్నాడు.

"నేను తిడతాననా చెప్పకపోతివి?"

"నువ్వు తిడితే పడతా. జనాలు నవ్వుతారని."

లూదియా ఏడ్చింది. డబ్బు కోసం కాదు, ఆ మనిషి ఊపిరి కోసం. తర్వాత కుట్టిన మూతి విప్పి, గిన్నెలు ఒక్కొక్కటే గూట్లో పెట్టసాగింది. వీధిలోకి క్యారల్స్ పాడేవాళ్లు వచ్చారు. తలుపు తీసి, ఇద్దరూ వాళ్ల ముందు నవ్వుమొహాలతో నిలబడక తప్పలేదు.

పండగ మర్నాడు యాకోబు షెడ్డుకు వచ్చాడు. సంగతి అప్పటికే ఊరంతా తెలిసింది. అతను భయపడినట్టు ఎవరూ నవ్వలేదు. రంగయ్య ఏమీ అడగకుండా కొత్త మాస్కు తెచ్చి చేతిలో పెట్టాడు.

"ఇంగ దేనికిలేన్నా" అంటూ యాకోబు దాన్ని మేకుకు తగిలించి, నీళ్ల డబ్బా దగ్గరికి లాక్కున్నాడు.

ఎండలు ముదరకముందే, ఒక మధ్యాహ్నం సంగటి తిని, కాస్త నడుము వాలుస్తానని షెడ్డు వెనక ఒరిగినవాడు మళ్లీ లేవలేదు. దినం అయ్యాక లూదియా వచ్చి అతని తువ్వాలూ చెప్పులూ తీసుకుపోయింది. మాస్కు సంగతి ఆమెకు తెలియదు. అది మేకుకు అట్లాగే వేలాడుతోంది, పైన రాతిపొడి మందంగా పట్టి, లోపలివైపు మాత్రం తెల్లగా.