బస్తాడు బూడిద

"రేపు సినిమావాళ్ళొస్తున్నారు. ఇల్లు కాస్త పాడుచేసి ఉంచు" అన్నాడు భర్త.

ఆమె కిటికీ ఊచలు తుడుస్తోంది. చేతిలో గుడ్డ అలాగే ఆగిపోయింది. కాపురానికొచ్చిన నాటి నుంచీ ఎవరొస్తున్నా ఇల్లు సర్దమన్న మనిషే గానీ పాడుచెయ్యమన్న మనిషి కాడు. చెవుల్లో ఇంకా మసి మిగిలిందేమోనని చిటికెనవేలు పెట్టి తిప్పుకుంది.

"కార్చిచ్చు తర్వాత మన వీధి ఎలా కోలుకుందో చిన్న డాక్యుమెంటరీ తీస్తున్నారట. మనిల్లేమో మరీ శుభ్రంగా ఉందట. ఆ డైరెక్టరమ్మాయి బస్తాడు బూడిద తెచ్చి ముందుగదిలో చల్లుతుంది. నేను గోడ కడుగుతుంటే తీస్తారు."

"మీరా?"

"నటనేలే."

గోడ కడగడం గురించి ఆమెకు కొంత తెలుసు. కొండ దిగిన మంట వీధి చివర ఆగిపోయింది గానీ, పొగ మాత్రం పిలవని చుట్టంలా ఇంటింటికీ వచ్చి, మూతపెట్టిన డబ్బాల్లో కూడా తిష్ఠ వేసింది. మసి గోడలకు జిడ్డులా పట్టింది. పైనుంచి నీళ్ళు పోస్తే చారలు కడుతుంది, కిందనుంచి పైకి తుడుచుకురావాలి. ఆ సంగతి ఒక గోడ పాడయ్యాకే తెలిసింది. ఆమె గోడలు తుడిచిన రోజుల్లో భర్త కుర్చీలో కూర్చుని "ఆ మూల వదిలేశావు" అని చూపించేవాడు. కాబట్టి వీధి కోలుకోవడంలో ఆయన చూపుడువేలుకీ వాటా ఉంది, కాదనలేం.

ఆయన నోట్లో ఆ మంట రోజురోజుకీ ఏపుగా పెరిగింది. మొదట్లో ఇంటెత్తు ఉండేది. బంధువులొచ్చేసరికి తాటిచెట్టంత అయింది. కెమెరా వస్తోందనగానే చందమామకు మసి పూసి మరీ దిగివచ్చింది. ఆయన గుమ్మంలో పైపు పట్టుకుని కళ్ళెర్రజేస్తే, ఆ మంట సిగ్గుపడి వెనక్కి తిరిగిందట. "మావాడే నన్ను భుజాన వేసుకుని బయటికి తెచ్చాడు" అని అత్తగారు తాళం వేసేది. ఆ సాయంత్రం మావాడు వీధి మొదట్లో కారు తిప్పి పెట్టుకుని హారన్ కొడుతున్నాడు. అత్తగారు కోడలి వీపున ఉంది, మందుల సంచి పళ్ళ మధ్య ఉంది, తడిదుప్పటి నెత్తిన ఉంది. రొప్పుతూ కారు చేరిన ఆమెను ఆయన అడిగిన మొదటిమాట: "నా కళ్ళజోడు తెచ్చావా?" తెచ్చింది. జాకెట్లో దోపుకుని తెచ్చింది. అప్పుడే అనాల్సిన మాట ఒకటి గొంతుదాకా వచ్చింది. పొగకు దగ్గొచ్చి దానితోపాటే పోయింది.

మర్నాడు పొద్దున్నే డైరెక్టరమ్మాయి, కెమెరామన్ దిగారు. బస్తా గుమ్మం ముందు పెట్టారు. భర్త ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతులు మడుచుకుని గోడ పక్కన సిద్ధంగా నిలబడ్డాడు.

"ఆంటీ, మీరు కొంచెం పక్కకి జరుగుతారా? ఫ్రేములో పడుతున్నారు."

"టీ పెట్టు, అందరికీ" అన్నాడు భర్త.

ఆమె కదల్లేదు. "ఈ బూడిదెక్కడిదమ్మా?"

"వీధి చివర కాలిన ఇంట్లోదే ఆంటీ. ఒరిజినల్!"

అది కుట్టుపని ఆవిడ ఇల్లు. ముందుభాగం కాలిపోతే, వెనక నల్లబడ్డ ఒక్క గదిలో పడుకుంటోంది. ఆమె బస్తాలోకి తొంగిచూసింది. కరిగిన బొత్తాలు ముద్దకట్టి కనిపించాయి.

"ఇది నా ఇంట్లోకి రాదు."

గట్టిగా అనలేదు. అయినా అత్తగారు లోపలి గదిలోంచి "ఏమందీ?" అంది.

"వాళ్ళ ముందు నా పరువు తియ్యకు" అన్నాడు భర్త పళ్ళు బిగించి. "కాస్త బూడిదకేనా? తర్వాత నువ్వే ఊడుస్తావుగా!"

నువ్వే ఊడుస్తావుగా. ఆయన తిట్టలేదు, వెక్కిరించలేదు. పొద్దు పొడుస్తుందిగా అన్నంత నమ్మకంగా అన్నాడు. దీన్ని కాదంటే వారం రోజులు ముఖం ముడుచుకుంటాడు. అత్తగారు ఫోను పట్టుకుని ఆడబిడ్డకు చెబుతుంది, దీనికి నోరొచ్చిందని. చెప్పనీ. నోరు కొత్తగా రాలేదు, పుట్టినప్పుడే వచ్చింది. ఇన్నాళ్ళూ మందులసంచి పట్టుకోవడానికి వాడింది, అంతే.

ఆమె బకెట్టూ, సబ్బుపొడీ, గుడ్డలూ తీసుకుని గుమ్మం దిగింది.

"కడగడం తియ్యాలంటే ఆ కాలిన ఇంటావిడ గది ఇంకా నల్లగానే ఉందమ్మా. నేనక్కడికే పోతున్నాను. వస్తే రండి."

డైరెక్టరమ్మాయి బస్తా వంక చూసింది, చెవులదాకా ఎర్రబడింది. "సారీ ఆంటీ. పదండి" అంది. కెమెరా కదిలింది. పొద్దుతిరుగుడు పువ్వులాంటి మనిషి కదా, కెమెరా ఎటుంటే ముఖం అటే, భర్త కూడా వెనకే నడిచాడు.

కుట్టుపని ఆవిడ తలుపు తీసి అంతమందిని చూసి బిత్తరపోయింది. "కొలతలకా?" అంది. ఆమె నవ్వి, బకెట్టు గదిలో దించి, కొంగు బిగించి, మూలనుంచి మొదలుపెట్టింది. గుడ్డ వెళ్ళినంతమేర గోడకు రంగొచ్చింది.

"ఆ రోజు మంట వచ్చినప్పుడు నేను..." భర్త గొంతు సవరించుకున్నాడు.

"ఒక్క నిమిషం అంకుల్. ఆంటీతో మాట్లాడాలి."

"ఆవిడకేం తెలుస్తుందమ్మా, ఇంట్లో ఉండే మనిషి."

డైరెక్టరమ్మాయి మైకు ఆమె దగ్గరికి జరిపింది. "ఇలా ఎప్పట్నుంచి కడుగుతున్నారు ఆంటీ?"

ఆమె గుడ్డ పిండింది.

"పెళ్ళైన మర్నాటి నుంచి."

కుట్టుపని ఆవిడ కిసుక్కున నవ్వింది. కెమెరా నడుస్తూనే ఉంది. ఆమె బకెట్టును భర్త కాళ్ళ దగ్గరికి జరిపింది.

"నీళ్ళు నల్లబడ్డాయి, మార్చుకు రండి. బరువుంటుంది, రెండు చేతులతో పట్టుకోండి."