చొట్టలన్నీ హైమవతివే

నేను ఒక స్టీలు కంచాన్ని. ముందుగా మా అన్న మీద ఒక ఫిర్యాదు. అన్నంటే, నాతోపాటు ఒకే కొట్లో కొన్న పప్పుగిన్నె. ముప్పై ఏళ్లుగా పప్పు తప్ప లోకం ఎరగడు. అయినా నన్ను చూస్తే చాలు, "చొట్టల మొహం" అంటాడు. అవును, చొట్టలే. ఒక్కటి కూడా సాపు చేయించుకోను.

మమ్మల్ని ఏలూరులో కొన్నది కాలేజీ తెలుగు లెక్చరరు నరసింహమూర్తిగారు. చెల్లెలు హైమవతికి కానుక. ఇచ్చేది చెల్లెలికైనా, నా అంచు మీద చుక్కలు చుక్కలుగా చెక్కించింది మాత్రం తన పేరే, ఎం.ఏ.తో సహా.

హైమవతి మధ్యాహ్నం నాలో అన్నం తినేది. సాయంత్రం నన్ను కడిగి, చంకన పెట్టుకుని, కూరగాయల మార్కెట్టు గేటు దగ్గర నిలబడేది. "ఒక మాటివ్వండి, దాని మీద కవిత చెబుతా" అనేది. ఎవరో వెటకారంగా అరిచేవారు: "వంకాయ మీద చెప్పమ్మా, చూద్దాం!" గరిటెతో నన్ను ఠంగుమని కొట్టేది.

"కిరీటంతోనే పుట్టావు,
కత్తిపీట ఎక్కావు,
నూనెలో మునిగావు.
రాజుగారూ, రాజ్యం ఎలా ఉంది?"

మర్నాడు మళ్లీ వంకాయే ఇచ్చినా ఆ కవిత రాదు, ఇంకోటి వస్తుంది. ఏదీ రాసేది కాదు. తన పేరు మీద నడిబజారులో గరిటె దెబ్బలు పడుతుంటే హైమవతి అన్నగారికి ఒళ్లు మండేది.

"కాగితం మీద లేనిది కవిత్వం ఎలా అవుతుందే? రాసి చూపించు."

"వదినని తిట్టేటప్పుడు నువ్వు రాసుకొచ్చి తిడతావా అన్నయ్యా?"

వంటింట్లోంచి వదిన సుగుణమ్మ నవ్వు వినిపించింది. ఆ పూట కూరలో ఉప్పు తక్కువైందని ఆయన ఇంకోసారి తిట్టారు, రాసుకోకుండానే.

మొన్న వేసవిలో హైమవతి పోయింది. గ్రంథాలయం హాల్లో సంస్మరణ సభ పెట్టింది అన్నగారే. ఫొటో, దండ, దాని పక్కన తెల్ల నోటు పుస్తకం, కొత్త కలం. "హైమవతి వాడిన కలం" అని చీటీ. నన్ను పాత సామాన్ల సంచిలో పడేశారు.

"ఆ కలం ఎవరిదండీ?" అంది సుగుణమ్మ.

"కవయిత్రి అన్నాక కలం ఉండొద్దూ?"

"ఆవిడ పచారీ సరుకులు కూడా నోటితోనే చెప్పేదండీ!"

ఆయన వినలేదు. సుగుణమ్మ వాదించలేదు. నన్ను సంచిలోంచి తీసి, గరిటెతో సహా కొంగు కింద దాచి, సభకు తెచ్చింది.

అన్నగారు అరగంట మాట్లాడారు. వెనక వరసలోంచి వంకాయలమ్మే నూకాలమ్మ లేచింది. "అయ్యా, ఆ పెన్నుతో మా హైమమ్మ ఏం రాశారో ఒక్కటి సదవండి."

ఆయన పుస్తకం తెరిచారు. తెల్ల కాగితం. తిప్పారు. ఇంకో తెల్ల కాగితం.

సుగుణమ్మ వెళ్లి నన్నూ గరిటెనూ ఆయన ముందు పెట్టింది. అంచు మీద తన పేరు వెతికారు. ఎం.ఏ. ఎప్పుడో చొట్టలో కలిసిపోయింది. ఏమనుకున్నారో, గరిటె అందుకున్నారు. "ఒక మాటివ్వండి" అన్నారు, గొణిగినట్టు.

"చెల్లెలు," అంది నూకాలమ్మ.

కొట్టారు. మోగాను, హాలు అదిరేలా. ఆయన నోరు తెరిచారు. ఒక్క పాదం రాలేదు. మళ్లీ కొట్టారు. రాలేదు. గరిటె కింద పెట్టి, మైకు దగ్గరికి లాక్కున్నారు.

"ఈ కలం పొద్దున నేను కొన్నదే. మా చెల్లెలు చెప్పిందే కవిత్వం. కాదన్నాను. తప్పు నాది."