గంట మోగితే లేచినవాళ్ళు

ఆఖరి అధ్యాయం టైపు చేస్తూ ఆమె సగంలో లేచిపోయి, వంటింట్లోకి వెళ్ళి, తోమిన గిన్నెలనే మళ్ళీ తోమింది. కోపం వచ్చినప్పుడు ముందు చేతులకు పని చెప్పడం ఆమె అలవాటు. గిన్నెలు మెరిశాయి గానీ కోపం చల్లారలేదు.

మరిది రాసే మాయలోకపు యుద్ధకథలంటే జనం చెవికోసుకుంటారు. అయిదు సంపుటాలు వచ్చాయి, ఇది ఆరోది, చివరిది. అతను చేత్తోనే రాస్తాడు. ఆ కోడిగీతలు భూప్రపంచంలో వదినకు తప్ప ఎవరికీ అర్థం కావు. ఆమె టైపు చేస్తే తప్ప పుస్తకం ఇల్లు కదలదు. ఆ ఇంట్లో ఇంకో ఆనవాయితీ కూడా ఉంది. ప్రతి అధ్యాయాన్నీ మరిది ముందు అత్తగారికి చదివి వినిపించాలి, ఆవిడ ఊ కొట్టాలి.

ఆ కథల్లో నల్ల గుర్రపువాడని ఒక వీరుడున్నాడు. ఒక పక్కకే నవ్వుతాడు, నిద్రలో పళ్ళు కొరుకుతాడు, చెప్పులు ఎక్కడ విడిచాడో మరిచిపోయి ఇల్లంతా వెతికిస్తాడు. అతనెవరో ఇంట్లో అందరికీ తెలుసు. సైన్యంలో చేరి యుద్ధంలో పోయిన ఆమె భర్తే. అయిదో సంపుటంలో మరిది అతన్ని కోటగోడ మీద చంపాడు. ఆ పేజీల్ని ఆమె కళ్ళు తుడుచుకుంటూ, ఒక్క కామా కూడా మార్చకుండా టైపు చేసింది. జరిగిందే రాశాడు కదా అనుకుంది.

ఇప్పుడు ఈ ఆఖరి అధ్యాయంలో మాయల వెండి గంట మోగింది. మోగగానే చచ్చినవాళ్ళంతా ఒళ్ళు విరుచుకుని లేచారు. నల్ల గుర్రపువాడు దుమ్ము దులుపుకుని ఇంటికొచ్చాడు, ఒంటి మీద గాటు కూడా లేదు. అతని భార్య కళ్ళు తుడుచుకుని చిరునవ్వు నవ్విందట. ఆమెకు దక్కింది ఆ ఒక్క వాక్యం. ఆపైన పేజీలకు పేజీలు పట్టాభిషేకమే, ఏ గుర్రానికి ఏ జీను కట్టారో సహా.

టైపు అయిందా అని మరిది వంటింటి గుమ్మంలోకి వచ్చి అడిగాడు.

"కాలేదు. కాదు కూడా," అంది ఆమె.

అతను మొదట వేళాకోళమనుకున్నాడు. ఆమె ముఖం చూశాక సర్దిచెప్పడం మొదలుపెట్టాడు. పాఠకులు అతన్ని బతికించమని ప్రచురణకర్త ప్రాణం తీస్తున్నారట. అంత యుద్ధం చదివినవాళ్ళకు చివర కాస్త ఊరట ఉండాలట. ఇలాంటి కథలన్నీ అలాగే ముగుస్తాయట. ప్రచురణకర్త సాయంత్రానికల్లా పంపమన్నారట.

"ఆయన్ని కోడిగీతలు నేర్చుకోమను."

మాటలు విని అత్తగారు గోడ పట్టుకుంటూ వచ్చింది. పొద్దున ఆ అధ్యాయం విన్నప్పటి నుంచి ఆవిడ ముఖం వెలిగిపోతోంది. "పుస్తకంలోనైనా వాణ్ణి బతకనియ్యవే అమ్మాయ్. నీకేం పోయింది?"

"పుస్తకంలో బతికినవాడు మీకు పొద్దున్నే మందుబిళ్ళ ఇవ్వడు అత్తయ్యా. నేనిస్తాను."

అనకూడని మాటని ఆమెకు తెలుసు. అయినా వెనక్కి తీసుకోలేదు. చేతులు తుడుచుకుని మరిది వైపు తిరిగింది.

భర్త శవపెట్టె ఇంటికొచ్చిన రోజున మూత తియ్యమని ఆమె కాళ్ళావేళ్ళా పడింది. అంతకుముందే సైనిక ఆస్పత్రికి వెళ్ళి, శవాన్ని చూసి, మా అన్నయ్యేనని చెప్పి వచ్చింది మరిదే. వద్దు వదినా, నవ్వుతున్న అన్నయ్యనే గుర్తుంచుకో అని చేతులు అడ్డం పెట్టాడు. పెద్దలంతా తలలూపారు. మూత వేసిన పెట్టెను పట్టుకునే ఆమె ఏడ్చింది. తర్వాత ఎన్నిసార్లు అడిగినా అతను మాట దాటేస్తూనే వచ్చాడు.

"చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. నువ్వు వాటికి కాటుక కూడా దిద్దావు," అంది ఆమె. "ఆ రోజు నన్ను చూడనివ్వలేదు. ఇవాళ గాటు లేకుండా లేపి తెచ్చి నన్ను నవ్వమంటున్నావు. నేను నవ్వను. నువ్వేం చూశావో అది రాయి, టైపు చేస్తాను."

"రాయలేను వదినా. చెయ్యి ఆడదు. ఆడి ఉంటే ఈ గంట ఎందుకు కొట్టిస్తాను?"

"అయితే నోటితో చెప్పు."

ఆమె వెళ్ళి కంప్యూటరు ముందు కూర్చుని ఖాళీ పేజీ తెరిచింది. కాసేపటికి అతను వచ్చి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. వినలేకపోతే పక్క గదిలోకి వెళ్ళమని ఆమె అత్తగారితో చెప్పింది. ఆవిడ వెళ్ళలేదు, మంచం అంచున కూర్చుంది.

"ఎడమ కాలికి బూటు లేదు. మేజోడు చిరిగి బొటనవేలు బయటికి వచ్చింది," అన్నాడు మరిది.

ఆమె వేళ్ళు ఆ మాటల్ని కొట్టాయి. "మేజోడు ఏ రంగు?"

"బూడిద రంగు."

అదీ కొట్టింది. వెనక అత్తగారు కొంగు నోట్లో కుక్కుకున్న చప్పుడు వినబడింది. ఆమె తల తిప్పలేదు. కోపం రవ్వంత కూడా తగ్గలేదు. అతను మళ్ళీ నోరు విప్పుతాడేమోనని చూసింది. విప్పలేదు.

"కాలి దగ్గరే ఆగిపోకు," అంది. "పైకి రా."