ఆవిరమ్మ ఈత

ఆసుపత్రి లాండ్రీలో పనిచేసినన్నాళ్ళూ ఆవిడని అందరూ ఆవిరమ్మ అనే పిలిచేవారు. యంత్రాలు తెల్లటి దుప్పట్లని ఉడకబెట్టి బయటికి కక్కుతుంటే ఆ ఆవిరిలోంచి ముందు గొంతు వినిపించేది, ఆ తర్వాత మనిషి కనిపించేది. అందుకని ఆ పేరు. ఉద్యోగం ముగిసి కొడుకింటికి వచ్చేశాక కూడా ఆవిడ కలల్లో ఆ ఆవిరే. దుప్పట్లు మబ్బుల్లా తేలుతూ వచ్చేవి. ఆవిడ రెండు కొసలు పట్టుకుని నిలబడేది. అవతలి కొసలు పట్టుకునేవాళ్ళు ఎవరూ ఉండేవారు కాదు. అంతలో మెలకువ వచ్చేసేది.

మెలకువ వచ్చాక ఏం చెయ్యాలో పాలుపోయేది కాదు. చేతులు మాత్రం ఊరుకునేవి కావు. తువ్వాళ్ళు మడతపెట్టేవి, పాత పేపర్లు మడతపెట్టేవి, ఆఖరికి బిస్కెట్ల పొట్లం కాగితాన్ని కూడా అంచులు కలిపి మడతపెట్టేవి.

"అత్తయ్యా, మీ ఎదురుగా ఎక్కువసేపు కూర్చోవాలంటే భయంగా ఉంది. మమ్మల్ని కూడా మడతపెట్టి అల్మరాలో పెట్టేస్తారేమో!" అని కోడలు నవ్వేది. ఒకరోజు మాత్రం నవ్వకుండా అడిగింది. "ఇన్నేళ్ళూ గొడ్డులా పనిచేశారు. ఇప్పుడు మీకేం చెయ్యాలనుంది?"

ఆవిరమ్మ ఒక తువ్వాలు విప్పి మళ్ళీ మడతపెట్టింది. ఆ ప్రశ్న ఆవిణ్ణి అంతకుముందెవరూ అడగలేదు. చిన్నప్పుడు నాన్న కళ్ళెర్రజేస్తాడని పాఠం అప్పజెప్పింది. కాస్త ఎదిగాక పంతులమ్మ శభాష్ అంటుందని బల్ల మీద మొదటి వరసలో కూర్చుంది. పడుచుతనంలో నలుగురూ ఏమనుకుంటారో అని తలొంచుకు నడిచింది. భర్త పోయాక కడుపు నింపుకోవాలని, పిల్లాణ్ణి ఓ ఇంటివాణ్ణి చెయ్యాలని లాండ్రీ గంటకి లేచి పరిగెత్తింది. ఏ వయసుకి ఆ వయసులో వెనక ఎవరో ఒకరు నెడుతూనే ఉన్నారు, బండి నడుస్తూనే ఉంది. ఇప్పుడు నెట్టేవాళ్ళు లేరు. బండి ఉన్నచోటే ఉంది.

"నాకేం కావాలే, మీరు చల్లగా ఉంటే అంతే చాలు," అంది ఆవిరమ్మ. అన్నాక ఆ మాట తన చెవికే ఎవరిదో మాటలా వినిపించింది.

కోడలు ఆవిడకొక పని పురమాయించింది. మనవరాలిని బడి నుంచి ఈతకొలనుకి తీసుకెళ్ళి, అయ్యాక ఇంటికి తీసుకురావాలి. ఆ పిల్లకి ఇంట్లో అందరూ పెట్టుకున్న పేరు బుడగ. నీళ్ళలో మూతి పెట్టి బుడగలు ఊదడం దానికి అన్నంకంటే ఇష్టం.

కొలను ఒక పెద్ద హాల్లో ఉండేది. కప్పు అద్దాలది. సాయంకాలపు వెలుగు ఆ అద్దాల్లోంచి దిగి, నీళ్ళలో మునిగి, మళ్ళీ గోడల మీదకి పాకి మెల్లగా ఊగేది. అక్కడ మాటలు కూడా తడిసినట్టుండేవి. ఎవరు పిలిచినా ఆ పిలుపు నాలుగు గోడలూ తిరిగొచ్చి ఎవరిదో తెలియకుండా చెవిలో పడేది. ఆవిరమ్మ బెంచీ మీద తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. ఆ వెలుగులో ఆవిడకి తాను నిద్రపోతోందో మేలుకుని ఉందో తెలిసేది కాదు.

బుడగ ఈత కొట్టేదని చెప్పలేం. నీళ్ళతో కాపురం చేసేది. అడుగున ఉన్న నీలం పలకల మీద అరచేయి ఆన్చి వచ్చేది. చేపనని చెప్పేది, కాసేపటికి ఓడనని చెప్పేది. కాళ్ళూ చేతులూ ఆడిస్తూ ఆడిస్తూ ఒకరోజు తనకే తెలియకుండా ఈ గట్టు నుంచి ఆ గట్టుకి చేరిపోయింది. చేరాక వెనక్కి తిరిగి చూసి, "నానమ్మా, నేనిక్కడికెలా వచ్చాను?" అని కేక పెట్టింది. ఈత నేర్పే అమ్మాయి మెడలో విజిల్ ఉన్నా ఊదడం మరిచిపోయి నవ్వింది. పిల్లలందరికీ ఆమె విజిలక్క.

ఈ సంగతి విని కొడుకు పొంగిపోయాడు. మర్నాడే ఫ్రిజ్ తలుపు మీద ఒక అట్ట అతికించాడు. గట్టు నుంచి గట్టుకి ఈదిన ప్రతిసారీ దాని మీద ఒక బంగారు చుక్క స్టిక్కర్. అట్ట నిండితే కొత్త సైకిల్.

"ఎందుకురా ఇదంతా, అది ఎలాగూ ఈదుతూనే ఉందిగా," అంది ఆవిరమ్మ.

"ఊరికే ఆడుకుంటే ఏమొస్తుందమ్మా? ఒక లక్ష్యమంటూ ఉండాలి. ఆశ పెడితే పిల్లలు రెట్టింపు ఉత్సాహంతో చేస్తారు," అన్నాడు కొడుకు.

మొదటి వారం వాడు చెప్పిందే నిజమైంది. బుడగ బాణంలా దూసుకెళ్ళింది. ఫ్రిజ్ మీద చుక్కలు మెరిశాయి. తర్వాత తర్వాత ఏదో మారింది. పిల్ల నీళ్ళలో దిగగానే బుడగలు ఊదడం మానేసింది. అడుగున పలకల్ని పలకరించడం మానేసింది. గట్టు చేరగానే తల బయటపెట్టి, "ఇది లెక్కలోకొస్తుందా?" అని అడిగేది. మధ్యలో కాలు నేలకి తగిలితే రాదని విజిలక్క చెబితే ముఖం మాడ్చుకునేది. పక్కింటి పిల్ల తనకంటే ముందు గట్టు ముట్టుకున్న రోజు ఇంటిదాకా నానమ్మ చెయ్యి పట్టుకోలేదు. ఆపైన ఈత ఉన్న రోజుల్లోనే కడుపునొప్పి రావడం మొదలైంది.

ఒక సాయంకాలం ఈత దుస్తులున్న సంచీ ముట్టుకోకుండా బెంచీ మీద నానమ్మ పక్కన కూర్చుండిపోయింది.

"దిగవే బంగారం?"

"దిగను. నాకు సైకిల్ వద్దు."

"సైకిల్ సంగతి ఎవరడిగారు? నీళ్ళు వద్దా?"

పిల్ల ఆలోచించింది. "నీళ్ళు ఇప్పుడు హోంవర్కులా ఉన్నాయి నానమ్మా," అంది.

ఆవిరమ్మకి అరవై ఏళ్ళు తను బతికింది ఆ ఒక్క మాటలో ఉందనిపించింది. ఇద్దరూ నీళ్ళ మీద ఊగే వెలుగుని చూస్తూ కూర్చున్నారు. ఉన్నట్టుండి బుడగ అడిగింది.

"నువ్వెందుకు దిగవు నానమ్మా?"

"నాకు ఈత రాదే."

"రాకపోతేనే కదా దిగాలి?"

పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ అని ఆవిరమ్మ నవ్వేసి ఊరుకుంది. ఆ మాట మాత్రం ఆవిణ్ణి ఊరుకోనివ్వలేదు. ఇంటికి వెళ్ళేదాకా పక్కన నడిచింది. బ్రెడ్డు కోస్తుంటే చాకు పక్కన నిలబడింది. పక్క మీద వాలితే ఆ పూట కలలో దుప్పట్లు రాలేదు, నీళ్ళొచ్చాయి. నీలంగా, అంతులేకుండా. జీవితమంతా తను ఆసుపత్రి బట్టలన్నీ నీళ్ళలో ముంచింది, తను మాత్రం మోకాలి లోతు దాటి ఎప్పుడూ దిగలేదు. దిగాలని ఉంది. ఎవరూ దిగమనలేదు, దిగితే శభాష్ అనేవాళ్ళు లేరు, దిగకపోతే తిట్టేవాళ్ళూ లేరు. అయినా దిగాలని ఉంది. ఇలాంటిది తన ఒంట్లో ఇంకా మిగిలి ఉందా అని ఆవిడకి ఆశ్చర్యమేసింది.

పొద్దున్నే కోడలి కొంగు పట్టుకున్నంత పని చేసింది. "ఈ వయసులో ఇదేం పిచ్చి అనుకోకపోతే ఒక మాట చెబుతాను..."

కోడలు విని ఎగిరి గంతేసింది. ఇద్దరూ కలిసి దుకాణానికెళ్ళారు. మోకాళ్ళదాకా, మోచేతులదాకా కప్పే ముదురు నీలం దుస్తులు తెచ్చారు. ఇంట్లో తొడుక్కుని అద్దంలో చూసుకుని ఆవిరమ్మ, "గొడుగుకి గుడ్డ తొడిగినట్టున్నాను," అంది. కోడలికి నవ్వాగలేదు.

ఆ సాయంకాలం మెట్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక అడుగు వెనక్కి వేసింది. నిన్నటిదాకా కలలా ఊగిన నీళ్ళు చల్లగా, బరువుగా, నిజంగా ఉన్నాయి. ఒక చేత్తో ఇనుప కడ్డీ, ఇంకో చేత్తో విజిలక్క భుజం పట్టుకుని నడుం దాకా దిగింది. నీళ్ళ మీద వెల్లకిలా పడుకుని తేలమంటే కర్రలా బిగుసుకుపోయి మునిగింది. ముక్కులోకి నీళ్ళెక్కి, ఉక్కిరిబిక్కిరై, కడ్డీకి బల్లిలా అతుక్కుపోయింది.

"ఇంక చాలమ్మా నాకు, ఈతకి నీళ్ళొదిలేసుకున్నాను," అంది దగ్గుతూ.

"వదలడం కాదు నానమ్మా, ఊదాలి!" బెంచీ మీంచి బుడగ అరిచింది. "ముందు బుడగలు ఊదాలి! నువ్వు ఊపిరి బిగబట్టేస్తున్నావు!"

"ఎలా ఊదాలే?"

"అబ్బ, ఇలా కాదు. ఉండు!"

పిల్ల బూట్లు విసిరేసింది. బడి బట్టలతోనే దభీమని దూకేసింది. విజిలక్క ఈసారి విజిల్ ఊదింది. ఎవరు వింటారు? బుడగ నానమ్మ ముందు నిలబడి, మూతి నీళ్ళలో పెట్టి, బుడబుడమని ఊది చూపించింది. ఆవిరమ్మ కూడా మూతి పెట్టింది. బుడగలు చెంపల మీద పాకాయి. గిలిగింతలు పుట్టి నవ్వొచ్చింది, నవ్వుతూ ఇంకో గుక్క మింగింది. ఈసారి భయం వెయ్యలేదు.

ఆ రోజునుంచి బుడగకి కడుపునొప్పి రాలేదు. నానమ్మకి నేర్పాలి గనక రోజూ రావాల్సిందే. బడిలో పాఠం వింటూనే ఆ సాయంకాలం ఏం నేర్పాలో ఆలోచించేదట. చేపలా ఎలా మెలికలు తిరగాలో చెప్పేది. ఓడలా ఎలా ఊరికే ఉండాలో చెప్పేది. చెప్పడం కోసం తను మళ్ళీ చేసి చూసేది. అలా చేస్తూ చేస్తూ ఎన్ని గట్లు దాటిందో దానికే తెలియదు.

ఫ్రిజ్ మీద అట్ట మాత్రం అలాగే ఉండిపోయింది. కొడుకుకి అది కొరకరాని కొయ్యగా తయారైంది.

"చుక్కలడగడం మానేసిందేంటమ్మా? ఉత్సాహం నీరుగారిపోయినట్టుంది. సైకిల్ బదులు ఇంకేదైనా పెడదామా?" అని అడిగాడు.

"ఒరేయ్, నువ్వు నడక నేర్చుకున్నప్పుడు పడుతూ లేస్తూ గడప దాటావు. నీకెవరు చుక్కలు పెట్టార్రా?"

కొడుకు గ్లాసు బల్ల మీద గుండ్రంగా తిప్పుతూ కూర్చున్నాడు. ఆఖరికి అన్నాడు. "నాకు నీళ్ళంటే భయమమ్మా. ఇప్పటికీ. బడిలో ఉన్నప్పుడు అందరూ ఏట్లో దూకుతుంటే నేను వాళ్ళ చొక్కాలు పట్టుకుని ఒడ్డున నిలబడేవాణ్ణి. కాలు నొప్పని చెప్పేవాణ్ణి. అది నాలా ఒడ్డున మిగిలిపోకూడదని..."

"నాకెప్పుడూ చెప్పలేదే?"

"నాకు చెప్పే తీరికెక్కడిది? నీకు వినే తీరికెక్కడిది?" ఆ మాటలో నిష్ఠూరం లేదు.

ఆవిరమ్మ కొడుకు తల మీద చెయ్యి వేసింది. జుట్టు పల్చబడిందని అప్పుడే గమనించింది. అట్ట ఎవరు పీకారో తెలియదు. మిగిలిన చుక్కల్ని మాత్రం బుడగ తీసుకుని నానమ్మ ఈత టోపీ నిండా అతికించింది. నీళ్ళలో దిగగానే అవన్నీ ఊడిపోయి తేలాయి. పిల్లలంతా వాటికోసం కేకలేస్తూ ఎగబడ్డారు. చుక్కల ఆకాశంలో మనుషులు ఈదుతున్నట్టు అనిపించింది ఆవిరమ్మకి.

అలా చూస్తూ చూస్తూ ఆవిడ వెనక్కి వాలింది. ఎవరూ పట్టుకోలేదు. చెవులు నీళ్ళలో మునిగాయి. హాల్లోని చప్పుళ్ళన్నీ దూరంగా ఏ పక్క ఊరికో వెళ్ళిపోయాయి. లోపల ఊపిరి ఒక్కటే పెద్దగా వినిపించింది. పైన అద్దాల మీంచి మబ్బు కదులుతోంది. కదిలేది మబ్బో తానో తెలియలేదు. ఒంట్లో ఎక్కడా బరువు లేదు. నాన్న కళ్ళకి భయపడిన పిల్ల, మొదటి వరసలో కూర్చున్న పిల్ల, తలొంచుకు నడిచిన పడుచు, గంటకి పరిగెత్తిన మనిషి, అందరూ ఒకరి పక్కన ఒకరు తేలుతున్నట్టుంది. వాళ్ళలో ఎవరికీ ఎక్కడికీ వెళ్ళే తొందర లేదు.

"నానమ్మ తేలింది! నానమ్మ తేలింది!" బుడగ అరుపు ఎప్పటికో ఆవిడ దాకా వచ్చింది.

తర్వాతి సంగతులు పెద్దగా చెప్పుకునేవి కావు. ఎండలు ముదిరేనాటికి బుడగకి ఈత మీద మోజు కాస్త తగ్గింది. బడిలో ఎవరో వేణువు వాయిస్తే అది పట్టుకుంది. ఇల్లంతా పీపీమని ఒకటే గోల. బుద్ధిపుట్టిన రోజున కొలనుకి వస్తుంది, లేకపోతే రాదు. ఆవిరమ్మ మాత్రం రోజూ వెళుతుంది. గట్టు నుంచి గట్టుకి వెళ్ళడానికి ఆవిడకి పట్టే సేపట్లో మిగతావాళ్ళు రెండు సార్లు వెళ్ళొస్తారు. ఆవిడకి ఆ పట్టింపు లేదు.

మొన్నామధ్య సెలవు రోజున కొడుకు కూడా వెంట వచ్చాడు. ఫోన్ చూసుకుంటూ బెంచీ మీద కూర్చుంటానన్నాడు. ఆవిరమ్మ లోతు లేని వైపు ఈదుతూ ఈదుతూ తల తిప్పి చూస్తే, పంట్లాం మోకాళ్ళదాకా మడిచి గట్టున కూర్చుని ఉన్నాడు. రెండు పాదాలూ నీళ్ళలో ఉన్నాయి. ఆవిడ రమ్మనలేదు. దగ్గరగా వెళ్ళి, కడ్డీ పట్టుకుని, ఊపిరి తీసుకుంది.

"చల్లగా ఉన్నాయి కదూ?" అంది.

"ముందు చల్లగానే ఉన్నాయి. ఇప్పుడు ఫరవాలేదు," అన్నాడు కొడుకు, కాళ్ళు మెల్లగా ఆడిస్తూ.