చావడానికి అద్దె గది

నా స్నేహితుడు ఇగ్బినోవియా ఇల్లు కట్టుకున్నప్పుడు గోడలకి మట్టి తొక్కింది మేమిద్దరమే. మా బెనిన్ ఊరి ఎర్రమట్టి ఆరితే ఎంత గట్టిదంటే, మేకు కొట్టబోతే మేకు దిగలేదు, సుత్తి వంగిపోయింది. నమ్మకపోతే మానెయ్యండి, ఈ వీధిలో నా మాట నమ్మేవాళ్ళు మొదట్నుంచీ తక్కువే. ఈ కథలో మాత్రం ఎక్కడ కోతలు కలిపానో అక్కడే చెప్పేస్తాను. సుత్తి సంగతి కలిపిందే.

అతనికి ఇద్దరు పిల్లలు. పెద్దవాడు ఇమాఫిడోన్‌కి లేగోస్‌లో కార్ల సామాన్ల కొట్టు ఉంది. ఎప్పుడో ఓసారి వచ్చేవాడు. వచ్చి, తండ్రి ఒంట్లో ఎలా ఉందని అడక్కుండా, పుచ్చకాయ బేరమాడేవాడిలా ఇంటి గోడల మీద తట్టి చూసేవాడు. చిన్నది ఇటోహాన్. మొగుడు పోయాక పిల్లల్ని వెంటేసుకుని తండ్రి దగ్గరికే వచ్చింది. ముందు గదిలో పూటకూళ్ళు పెట్టింది. దంచిన పెండలం ముద్ద, నల్లాకు పులుసు. ఆ పులుసు వాసనకి పక్క వీధి పాస్టరు ప్రార్థన సగంలో ఆపేసి వచ్చేవాడు. ఇదీ కాస్త కలిపాను. ఇంటికి కొత్త రేకులు వేయించింది, ముసలాడి కాళ్ళకి నూనె రాసింది మాత్రం ఆ పిల్లే. అందులో కలిపింది లేదు.

"ఇల్లు ఇటోహాన్‌కి రాసేస్తానురా ఎకుయాసే" అని నన్ను సాక్షిగా లాయరమ్మ దగ్గరికి లాక్కెళ్ళాడు.

లాయరమ్మ మా మనిషే, చిన్న వయసు. అంతా విని, "తాతా, రబ్బరు తోట ఎవరికి కావాలంటే వాళ్ళకి రాయండి. బజార్లో కొట్టు ట్రస్టులో పెట్టండి, అద్దె మనవల చదువుకి పోతుంది, దాన్ని ఎవరూ అమ్ముకోలేరు. మీరుంటున్న ఇల్లు మాత్రం మీ చేతిలో లేదు" అంది.

"నేను కట్టిన ఇల్లు నా చేతిలో లేకపోవడమేంటమ్మా?"

"తండ్రి బతికి, కన్నుమూసిన ఇల్లు ఇగియోగ్బే. అది పెద్దకొడుకుది. మీకు తెలీదా? వీలునామా ఎంత గట్టిగా రాసినా కోర్టులో మన ఆచారమే గెలుస్తుంది."

ఇగ్బినోవియా గడ్డం గోక్కున్నాడు. "నేనందులో ఉండకపోతే? అందులో చావకపోతే?"

ఆమె పెన్ను పక్కన పెట్టింది. "అప్పుడది మామూలు ఆస్తే. మీ ఇష్టమొచ్చినవాళ్ళకి రాయొచ్చు."

ఇల్లు ఇటోహాన్‌కి, మిగతావి ఆమె చెప్పినట్టే రాసేశాడు. తిరిగొస్తూ టైర్ల రిపేరు కొట్టు ముందు ఆగి, వెనకున్న గది అద్దెకిస్తారా అనడిగాడు.

"పిచ్చెక్కిందేంట్రా నీకు? సొంతిల్లు పెట్టుకుని అద్దెకుంటావా?" అన్నాను.

"ఉండటానికి కాదురా. చావడానికి."

ఇటోహాన్ గొడవపెట్టింది. "నాకే ఇల్లూ వద్దు నాన్నా, నువ్వు కదలకు."

"నీకొద్దులే. నీ పిల్లలు ఎక్కడ పడుకుంటారు? మీ అన్నయ్య కార్ల కిందా?"

ఆ పిల్లే చాప చుట్టి ఇచ్చింది. ముసలాడు మంచం అక్కడే వదిలేసి, చాప తీసుకుని వెళ్ళిపోయాడు. పూటపూటా గిన్నె తువ్వాల్లో చుట్టుకుని అది ఆ గదికి నడిచేది. వీధి ఊరుకుంటుందా? "పులుసమ్ముకోవడానికి అడ్డమని ముసలాణ్ణి గెంటేసిందట" అన్నారు. దాని ఎదుటే అన్నారు, దాని చేతి ముద్ద మింగుతూనే అన్నారు. సంగతి బయటపడితే ఇమాఫిడోన్ చెవిన పడుతుందని నోరు మూసుకుని వడ్డించింది.

వానలు పట్టుకున్నాక మనిషి పడిపోయాడు. ఆస్పత్రివాళ్ళు ఇంటికి తీసుకెళ్ళమన్నారు. గదికి తెచ్చాం. చాప పక్కన నీళ్ళు కారుతున్నాయి, గది నిండా కాలిన రబ్బరు కంపు.

"ఇంటికి పోదాం" అన్నాడు.

"ఇప్పుడిదే ఇల్లు నాన్నా."

"నా మంచం ఏదే? నా గోడ ఏది?"

నేను దాన్ని పక్కకి పిలిచాను. "జ్వరం మాట్లాడుతోందమ్మా. కాస్త ఓర్చుకో. ఇంత చేసి ఇప్పుడు పాడుచేసుకుంటావా?"

"జ్వరమే అయితే గోడెందుకు గుర్తుంది బాబాయ్?" అంది. వెళ్ళి పెండలం గడ్డలు తెచ్చుకునే తోపుడు బండి తెచ్చింది. ముసలాణ్ణి అందులో కూర్చోబెట్టి, నెత్తిన తన పైగుడ్డ కప్పి తోసుకెళ్ళింది. ఆ వానకి వీధిలో కోడి కూడా లేదు. ఎవరూ చూడలేదు. మంచం మీద పడుకోబెడితే గోడకి అరచెయ్యి ఆనించి, మర్నాడు పొద్దెక్కాక ఆ చెయ్యి అలాగే ఉంచి పోయాడు. నేనే కారు మాట్లాడి శవాన్ని ఆస్పత్రి చల్లగదికి చేర్చాను. దారిలో ఇటోహాన్‌తో అన్నాను, "ఎక్కడ పోయాడని అడిగితే నేను చెబుతాను. నువ్వు తల ఊపు చాలు." అది ఊపలేదు, కాదనలేదు.

ఇమాఫిడోన్ మేకతో, తెల్లబట్టలతో దిగాడు. తండ్రికి చేయాల్సినవన్నీ చేశాడు, వంక పెట్టడానికి లేదు. అన్నీ అయ్యాక కుటుంబ పెద్దలు కోలా గింజలు పగలగొట్టి పంచుకుని, ఇంటి సంగతి తేల్చడానికి కూర్చున్నారు. పెద్దాయన ఒగ్బేయిదే గొంతు సవరించుకున్నాడు.

"ఇగ్బినోవియా ఎక్కడ ప్రాణం విడిచాడు?"

నేను లేచాను. బతుకంతా కోసిన కోతలు ఈ ఒక్కదాని కోసమేనేమో అనుకున్నాను. "టైర్ల కొట్టు వెనక గదిలో, నా ఒళ్ళో. పైనుంచి చుక్క చుక్కా నీళ్ళు కారుతుంటే అరచేత్తో పట్టి గొంతులో పోశాను. కొట్టువాడు సుత్తి ఆపి టోపీ తీశాడు..."

ఒగ్బేయిదే నవ్వాడు. "ఆ సుత్తి కూడా వంగిందా ఎకుయాసే?"

అందరూ పడీపడీ నవ్వారు. నవ్వి, ఇటోహాన్ వైపు తిరిగారు.

"నువ్వు చెప్పమ్మా. మీ నాన్న అద్దె గదిలో, పరాయివాడిలా పోయాడా?"

అది నోరు విప్పక్కర్లేదు, తల ఊపితే చాలు. పిల్లలు దాని కొంగు పట్టుకుని నిలబడ్డారు. దాని గడ్డం కిందికి దిగబోవడం చూశాను. ఆగిపోయింది.

"లేదు. మా నాన్న తన ఇంట్లో, తన మంచం మీద పోయాడు. నేనే తీసుకొచ్చాను."

పెద్దలు మెచ్చుకున్నారు. "మంచి కూతురు" అన్నారు. ఆ నోటితోనే ఇల్లు పెద్దవాడిదన్నారు. ఇమాఫిడోన్ లేచి చెల్లెలి భుజం తట్టాడు, తర్వాత గోడ తట్టాడు.

లాయరమ్మ ఏం చేస్తుంది? "ఇంటి మాట ఒక్కటే పోయింది, మిగతాదంతా చెల్లుతుంది" అంది. మనవలు చదువుకుంటారు. ఎక్కడ కూర్చుని చదువుకుంటారో ట్రస్టులో రాయలేదు.

ముందు గదిలో ఇప్పుడు కార్ల సామాన్లు. ఇటోహాన్ పిల్లలతో టైర్ల కొట్టు వెనక గదిలో ఉంటోంది, అక్కడే వండుతోంది. రోజూ వెళ్ళి తింటాను. పులుసు రబ్బరు కంపు కొడుతుంది. ఇది కలపలేదు.