పిచ్చుక గొంతు

పొద్దున డ్యూటీ మారే వేళకి పెద్ద సిస్టర్ వార్డు గుమ్మం దగ్గర నిలబడి పనులు పంచేది. సెలైన్లు ఎవరు చూడాలి, ఆక్సిజన్ ఎవరు చూడాలి, కొత్తగా వచ్చినవాళ్లని మంచాల మీదికి ఎవరు చేర్చాలి, అన్నీ చెప్పి చివర్లో, అందరూ పిచ్చుక అని పిలిచే చిన్న నర్సు వైపు తిరిగేది.

"ఆరో మంచం తాతకి కొడుకు కావాలట. కిటికీ దగ్గరి ఆవిడకి చెల్లెలు. మూల మంచం ఆయనకి భార్య. ముందు తాత దగ్గరికి వెళ్లు, ఒకటే కలవరిస్తున్నాడు."

పిచ్చుక తలూపి, తెల్ల సూటు తొడుక్కుని లోపలికి వెళ్లేది.

అంటుకునే జబ్బు కాబట్టి ఆ వార్డులోకి అయినవాళ్లని రానిచ్చేవారు కాదు. లోపల తిరిగేవాళ్లకి తల నుంచి కాలిదాకా సూటు, కళ్లకి పెద్ద అద్దాలు. ఎవరు ఎవరో తెలియక గుండెల మీద మార్కరుతో పేర్లు రాసుకునేవాళ్లు. ఒకసారి తొడిగితే డ్యూటీ అయ్యేదాకా విప్పడానికి లేదు కనుక నీళ్లు తాగడం కూడా మానేశారు. జబ్బు మొదలైన కొత్తల్లో ఒక ముసలమ్మ కొడుకు కోసం ఏడుస్తుంటే, పిచ్చుక ఆమె చెయ్యి పట్టుకుని ఊరుకోమని చెప్పబోయింది. నోరు తెరిస్తే ఎక్కడో దూరాన ఉన్న ఆ కొడుకు గొంతు వచ్చింది. ముసలమ్మ కళ్లు తుడుచుకుని ఆ పూట రెండు ముద్దలు తింది. పక్క మంచం ఆయన అది చూసి, "సిస్టర్, మా అమ్మాయి గొంతు కూడా కాస్త చూడండి" అన్నాడు. అంతే, ఆ రోజు నుంచి అదీ ఒక డ్యూటీ అయి కూర్చుంది. మూల మంచం ఆయన ఒక్కడే, జబ్బు తగ్గేదాకా మా ఆవిడ గొంతు వద్దు తల్లీ, కాస్త ప్రశాంతంగా ఉండనీ అన్నాడు. జ్వరం ముదిరాక ఆయనా అడిగాడు.

ఆ అమ్మాయికి పిచ్చుక అన్న పేరు ఊరికే రాలేదు. చేతులు కడుక్కుంటూ, అన్నం తింటూ, సూటు విప్పుతూ కూడా ఏదో ఒకటి చెబుతూనే ఉండేది. మాట చివర కాస్త సాగదీసేది. నవ్వు వచ్చే ముందు గొంతు జీరపోయేది. కాసేపు నోరు మూసుకోవే తల్లీ అని అందరూ విసుక్కున్నవాళ్లే. ఆ కబుర్లు ఎప్పుడు తగ్గాయో మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. పెద్ద సిస్టర్ గమనించింది గానీ, అలసటేలే అనుకుంది. ఆ రోజుల్లో అలసిపోని వాళ్లెవరు? ఆవిడే ఇంటికి వెళ్లడం మానేసి మందుల గదిలో అట్టపెట్టెల పక్కన పడుకునేది. మంచి పనిమంతురాలైన ఒక నర్సు మధ్యాహ్నం మెట్ల మీద కూర్చుని, ఇంక లేవలేనని అక్కడే ఉండిపోయింది. ఇద్దరు జబ్బుపడ్డారు. ఉన్నవాళ్లతో బండి లాక్కురావాలి.

ఒకనాడు క్యాంటీన్‌లో పిచ్చుక, "ఒక టీ ఇవ్వమ్మా" అని అడిగింది. పళ్లూడిన తాత గొంతు వచ్చింది. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. నవ్వి ఎన్నాళ్లయిందో వాళ్లు. పిచ్చుకా నవ్వింది. ఆ నవ్వు కిటికీ దగ్గరి ఆవిడ చెల్లెలిది.

అరువు సొమ్ము బరువు చేటంటారు. పాపం, అది తన కోసం తెచ్చుకున్న అరువు కూడా కాదు.

తర్వాత కొన్నాళ్లకి ఆ అమ్మాయి పెద్ద సిస్టర్ బల్ల ముందుకి వచ్చి నిలబడింది.

"మేడమ్, నాలుగు రోజులు సెలవివ్వండి."

ఆ మాట బస్సు కండక్టరు గొంతుతో వచ్చింది. తొమ్మిదో మంచం పేషెంటు వాళ్ల అన్నయ్య గొంతు అది. ముందుకు జరగండి, ముందుకు జరగండి అని అరిచి అరిచి బండబారిన గొంతు. పెద్ద సిస్టర్‌కి నవ్వాగలేదు.

"ముందు టికెట్ తీసుకో" అంది.

పిచ్చుక నవ్వలేదు. "అమ్మ ఫోన్ చేస్తోంది మేడమ్. నేను ఎత్తి మాట్లాడితే రాంగ్ నంబరని పెట్టేస్తోంది. నా గొంతు ఎలా ఉండేదో నాకే గుర్తు రావట్లేదు. ఇంటికెళ్లి అమ్మ పక్కన కూర్చుంటే వస్తుందనిపిస్తోంది."

"మెసేజ్ పెట్టొచ్చుగా."

"అమ్మకి చదువు రాదు."

"పక్కింటివాళ్లతో చెప్పించు."

"చెప్పించాను. కూతురి మాట కూతురి నోటే వినాలంటోంది."

నిజమే కదా అని పెద్ద సిస్టర్‌కి అనిపించింది. కానీ ఈ పిల్ల వెళ్లిపోతే తాతకి కొడుకెవరు, మూల మంచానికి భార్యెవరు? "వచ్చే వారం చూద్దాంలే" అంది. వచ్చే వారం ఇంకా ఎక్కువమంది పేషెంట్లు వచ్చారు. ఆ పై వారం పిచ్చుక మళ్లీ అడగలేదు, ఆవిడా గుర్తు చేయలేదు.

ఒక సాయంత్రం అంబులెన్సులో ఒక ముసలామెని తీసుకొచ్చారు. ఊపిరి ఎగపోస్తోంది. "ఎన్నాళ్ల నుంచో జ్వరమట మేడమ్. మా అమ్మాయి నర్సు, దాన్ని అడిగాకే ఆసుపత్రికి వస్తానని ఇంట్లోనే కూర్చుందట" అన్నాడు డ్రైవరు. పెద్ద సిస్టర్ ఆమె ముఖం చూసింది. అదే ముక్కు, అవే కళ్లు. వెంటనే పిచ్చుకకి కబురు పంపింది.

పిచ్చుక పరుగున వచ్చి తల్లి చెయ్యి పట్టుకుంది. తల్లికి కనిపించింది ఒక తెల్ల సూటు, దాని మీద తను చదవలేని పేరు.

"మా అమ్మాయి ఇక్కడే పని చేస్తుంది. కాస్త పిలుస్తారా?" అంది తల్లి.

"అమ్మా" అంది పిచ్చుక. కండక్టరు గొంతు.

తల్లి చెయ్యి వెనక్కి లాక్కుంది. "ఎవరు బాబూ నువ్వు?"

పిచ్చుక మళ్లీ నోరు తెరిచింది. తాత కొడుకు వచ్చాడు. మళ్లీ తెరిస్తే ఎవరి భార్యో, ఎవరి చెల్లెలో. ఇన్నాళ్లూ పలికినవాళ్లంతా వరసగా వచ్చిపోయారు గానీ తను మాత్రం రాలేదు. ముఖమైనా చూపిద్దామని కళ్లద్దాలు లాగేయబోయింది. అలవాటు కొద్దీ పెద్ద సిస్టర్ ఒక చేత్తో ఆమెను ఆపింది. గాలిలో వెతుకుతున్న తల్లి చెయ్యి ఆవిడ రెండో చేతిని దొరకబుచ్చుకుంది.

"అమ్మా, నేనే" అంది, తనూ సూటులోనే ఉన్న పెద్ద సిస్టర్. మాట చివర సాగింది. అది పిచ్చుక గొంతు.

ముసలామె ముఖం విప్పారింది. "వచ్చావుటే. తిన్నావా?"

"తిన్నానమ్మా."

"ఎన్నిసార్లు ఫోన్ చేశానో. ఎవరెవరో ఎత్తారు. ఒక్కసారి రాకపోయావా? మీ పెద్దావిడ సెలవివ్వలేదా?"

పక్కన పిచ్చుక నిలబడి ఉంది. పెద్ద సిస్టర్‌కి నిజం చెప్పాలనే ఉంది. కానీ పేషెంటు మనసు కష్టపెట్టకూడదని ఇన్నేళ్లుగా నాలుకకి పట్టిన అలవాటు ముందు పలికింది.

"ఇస్తుందమ్మా. నేనే అడగలేదు."

"అడగాలి కదే" అంది తల్లి నిష్ఠూరంగా. "నోరు లేనిదానివా నువ్వు?" తర్వాత కాసేపటికి, "పోనీలే, వచ్చావుగా" అని కళ్లు మూసుకుంది. తెల్లారేసరికి పోయింది.

ఆ తర్వాత పిచ్చుక నోట్లోంచి ఏ గొంతూ రాలేదు, ఎవరిదీ. డాక్టరు వచ్చి చూసి, విశ్రాంతి కావాలన్నాడు. మంచాల దగ్గరికి పెద్ద సిస్టర్ వెళ్లడం మొదలుపెట్టింది. కొడుకేడీ అని తాత అడిగాడు గానీ, ఎవరు అడిగినా ఆవిడకి పలికింది ఆ ఒక్క గొంతే. తన సొంత గొంతు కూడా తిరిగి రాలేదు.

పిచ్చుక సామాను సర్దుకుని వెళ్లే రోజున ఆవిడ వరండాలో ఎదురొచ్చింది. అడిగినదానికి ఎన్నో రెట్లు సెలవు తనే రాసిచ్చింది. చెప్పాల్సిన మాట ఇంకా ఉండిపోయింది. నువ్వు అడిగావు, నేనే నవ్వి పంపేశాను, చివరికి ఆ నింద కూడా నీ మీదే వేశానని చెప్పాలి. పిల్ల చేతులు రెండూ పట్టుకునేసరికి ఏడుపు ముంచుకొచ్చి, అంత మాట కుదరలేదు.

"తప్పంతా నాదే" అంది. "నా వల్లే అమ్మ పోయింది."

అనేశాక గానీ ఏ గొంతుతో అన్నదో ఆవిడకి తట్టలేదు. పిచ్చుక కదలకుండా నిలబడి తన గొంతును తను విన్నది. ఎన్నాళ్లకో విన్నది. విని, ఆ మాట తనే ఒప్పుకుంటున్నట్టు మెల్లగా తలూపింది.