ఖాళీగా కనిపించిన కొలను

కుడిభుజం కలుక్కుమన్నా నీళ్ళాయన పొడుగు కర్ర ఆపలేదు. కర్ర చివర బ్రష్షు, దాని వెనక గొట్టం. ఈతకొలను అడుక్కి దిగిన మడ్డిని, నిద్రపోయే పసిపాపకు పక్క సర్దినంత మెల్లగా లాగుతున్నాడు. ఆ ఇంట్లో ఆయన అసలు పేరు ఎవరూ అడగలేదు. పందొమ్మిదేళ్ళుగా అందరికీ నీళ్ళాయనే. ఏం పని చేస్తావని ఎవరైనా అడిగితే "పాచిపనండీ" అనేవాడు, ఛాతీ విరుచుకుని. అబద్ధమేముంది? రోజూ గోడకు పట్టిన పాచి వదిలించడమేగా!

వారంపాటు కురిసిన వానకు నీళ్ళు పచ్చబడ్డాయి, ఇంటాయన కళ్ళు ఎర్రబడ్డాయి. "ఆదివారానికి బాగుపడకపోతే మట్టి పోయించి రెండు కార్లు పెట్టుకుంటా," అన్నాడు. కొలనుకు నీళ్ళొదులుకోవడానికి ఆయన సిద్ధమే. నీళ్ళాయనకే మనసొప్పలేదు. ఈ ఆదివారంతో ఆయన పని మానేస్తున్నాడు. భుజం ఇక నావల్ల కాదంటోంది. ఆఖరికి మట్టిగుంటను అప్పగించి పోవడానికా ఇన్నేళ్ళూ రుద్దింది?

అందుకే మూడు సాయంత్రాలు ఎండ దిగాక క్లోరిన్ కలిపాడు. ఎండలో వేస్తే సగం సూర్యుడే తాగేస్తాడని ఆయన సిద్ధాంతం. పగలంతా గోడలు రుద్దాడు. ఇవాళ ఆదివారం. తొమ్మిదింటికి మడ్డంతా పోయింది. మోటారు ఆపి నీడన కూలబడ్డాడు. ఆకు కదిలేంత గాలి కూడా లేదు.

అప్పుడే మేడ మీంచి ఇంటామె కేక.

"ఏమండీ! నీళ్ళాయన నీళ్ళన్నీ తోడేశాడండీ! అడుగు పలకలు కనబడుతున్నాయి!"

ఇంటాయన ఫోను చెవికి ఆనించుకునే దిగివచ్చాడు. "సగం పని నువ్వే చేశావన్నమాట. మట్టి లారీకి చెప్పేస్తున్నా."

"అయ్యా, ఒక్క మాట..."

"ఇంకా నీళ్ళు నములుతావేంటయ్యా? అడుగు పగిలిందేమో చూడనీ," అంటూ కొలను మెట్ల మీదుగా విసురుగా దిగాడు.

రెండో మెట్టుకే మోకాళ్ళ దాకా మునిగాడు. కొలనంతా గలగలా కదిలింది. ఫోనులో లారీవాడు "ఎన్ని లోడ్లు సార్?" అంటూనే ఉన్నాడు.

"ఇదేంటయ్యా, నీళ్ళున్నాయి!"

"నిండా ఉన్నాయండీ. కనబడకుండా చేయడమేగా నా పని."

వంటామె పరుగున వచ్చి వేలు ముంచి చూసి బుగ్గలు నొక్కుకుంది. ఇంటాయన తడిసిన పంచెతోనే మేడకేసి అరిచాడు. "ఖాళీ కాదే! అద్దంలా ఉన్నాయి, అందుకే నీకు కనబడలేదు!" తర్వాత ఫోనులోకి, కాస్త సిగ్గుగా, "మట్టి వద్దులే బాబూ."

నీళ్ళాయన మీసం చాటున నవ్వుకుని, మోటారుగది తాళంచెవి ఆయన చేతిలో పెట్టాడు.

"మరి రేపట్నించి ఎవరయ్యా?"

"మా కోడలొస్తుందండీ. నాకంటే గట్టిగా రుద్దుతుంది, గోడనైనా నన్నైనా."

పందొమ్మిదేళ్ళలో ఒక్క ఆకును నీటి మీద నిలవనివ్వని మనిషి, మళ్ళీ ఎవరూ ఇలా పొరబడి దిగకుండా గట్టున రాలిన ఆకొకటి ఏరి, తనే నీళ్ళ మీద ఉంచాడు. చెప్పులేసుకుని, తల నిలబెట్టుకుని గేటు దాటాడు.

అలలు సద్దుమణిగాక ఆ ఆకు గాలిలో ఆగినట్టుంది. దాని నీడ ఆరడుగుల కింద, తెల్లపలక మీద.